సిగ్నేచర్‌కు పారామీటర్ ఇవ్వడం ఎలా? ఓకామెల్ ఫంక్టర్‌లో టైపులు కలవడం లేదు

ప్రశ్న అడిగినవారు: తక్‌పట్టీ

నమస్కారం. నేను వరంగల్‌లో ఉంటాను, ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టి ఆరు నెలలు కావస్తోంది. ఎనుమాముల మార్కెట్ యార్డులో మా మేనమామ గుమస్తాగా పనిచేసే ఒక అడ్తి దుకాణం కోసం చిన్న లెక్కల ప్రోగ్రాం రాస్తున్నాను. రైతు తెచ్చిన సరుకును కాంటా మీద తూచి దడ్వాయి (తూకం వేసే మనిషి) చీటీ రాసిస్తాడు. ఆ చీటీలోని తూకాలను కూడి, పాటలో పలికిన ధరతో లెక్కగట్టి, ఖర్చులు తీసివేసి తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే లెక్క చీటీ) ఇవ్వాలి. పని ఇంతే. అయితే పోయిన సీజన్‌లో నేను రాసిన మొదటి ప్రోగ్రాంలో తూకాలన్నీ ఉత్త పూర్ణాంకాలే కావడం వల్ల, మిర్చి ఖాతాలో మక్కల తూకాన్ని కలిపే లైను ఒకటి నా చేతి మీదుగానే దొర్లింది. ప్రోగ్రాం నోరెత్తలేదు. మామయ్య రాత్రి పది దాటేదాకా చీటీలన్నీ ముందేసుకొని సరిచూస్తే తప్ప ఆ పొరపాటు దొరకలేదు. ఈసారి అలాంటి లైను రాస్తే కంపైలర్ దగ్గరే ఆగిపోవాలన్నది నా పట్టుదల.

అందుకని సరుకుకు ఒక సిగ్నేచర్ (మాడ్యూల్ అనే కోడ్ మూటలో ఏ టైపులు, ఏ విలువలు ఉండాలో చెప్పే ఒప్పందం), ఖాతాకు ఒక సిగ్నేచర్ రాసి, ఏ సరుకు ఇస్తే దాని ఖాతాను తయారుచేసి ఇచ్చే ఫంక్టర్‌ను (ఒక మాడ్యూల్‌ను తీసుకొని మరో మాడ్యూల్‌ను ఇచ్చేదాన్ని) రాశాను. కోడ్‌ను ఇక్కడ తెలుగు లిపిలోనే పెడుతున్నాను. మనకు పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు అనే తేడా లేదు కాబట్టి మాడ్యూల్ పేర్లు పెద్ద అక్షరంతో మొదలవుతాయని మీరే ఊహించుకోవాలి. తూకం గ్రాముల్లో, డబ్బు పైసల్లో, ధర క్వింటాలుకు ఇన్ని పైసలని లెక్క.

మాడ్యూల్ టైప్ సరుకు = సిగ్
  టైప్ తూకం
  వాల్ సున్నా : తూకం
  వాల్ కలుపు : తూకం -> తూకం -> తూకం
  వాల్ విలువ : ధర:ఇంట్ -> తూకం -> ఇంట్
ఎండ్

మాడ్యూల్ టైప్ ఖాతా = సిగ్
  టైప్ తూకం
  టైప్ టి
  వాల్ ఖాళీ : టి
  వాల్ జమ : తూకం -> టి -> టి
  వాల్ మొత్తం : టి -> తూకం
ఎండ్

మాడ్యూల్ ఖాతా_తయారీ (స : సరుకు) : ఖాతా = స్ట్రక్ట్
  టైప్ తూకం = స.తూకం
  టైప్ టి = స.తూకం లిస్ట్
  లెట్ ఖాళీ = []
  లెట్ జమ తూ ఖా = తూ :: ఖా
  లెట్ మొత్తం ఖా = లిస్ట్.ఫోల్డ్_లెఫ్ట్ స.కలుపు స.సున్నా ఖా
ఎండ్

మాడ్యూల్ మిర్చి = స్ట్రక్ట్
  టైప్ తూకం = ఇంట్
  లెట్ సున్నా = 0
  లెట్ కలుపు = ( + )
  లెట్ విలువ ~ధర తూ = ధర * తూ / 100_000
ఎండ్

మాడ్యూల్ మిర్చి_ఖాతా = ఖాతా_తయారీ (మిర్చి)

ఇంతవరకు అంతా కంపైల్ అవుతుంది. కాని మొదటి బస్తా తూకాన్ని జమ చేద్దామని మిర్చి_ఖాతా.జమ 41_200 మిర్చి_ఖాతా.ఖాళీ అని రాయగానే, మీరు ఇచ్చింది ఇంట్ (ఉత్త పూర్ణాంకం), ఇక్కడ కావలసింది మిర్చి_ఖాతా.తూకం, అంటే ఖాతా_తయారీ(మిర్చి).తూకం అని ఎర్రర్ వస్తోంది. ఫంక్టర్ లోపల టైప్ తూకం = స.తూకం అని స్పష్టంగా రాశాను కదా, మిర్చిలో అది ఇంటే కదా, మరి ఈ రెండూ వేరువేరని కంపైలర్ ఎందుకు అంటోంది?

ఖాతా సిగ్నేచర్‌కే సరుకును పారామీటర్‌గా ఇస్తే గొడవ తీరుతుందేమోనని మాడ్యూల్ టైప్ ఖాతా (స : సరుకు) = సిగ్ అని మొదలుపెట్టి చూశాను. అది సింటాక్స్ ఎర్రర్ అంది. ఫంక్టర్‌కు పారామీటర్ ఇవ్వనిస్తూ సిగ్నేచర్‌కు ఇవ్వనివ్వకపోవడంలో అర్థమేమిటో పెద్దలు చెప్పగలరు.


జవాబు: కాజీపేట జంక్షన్

తక్‌పట్టీ గారూ, మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ వేరు ఒక్కటే.

ఫంక్టర్ తలకట్టులో, అంటే దాని మొదటి వరుసలో, చివర మీరు పెట్టిన ఆ : ఖాతా అనే ముక్క మామూలు వర్ణన కాదు, సీలు. లోపల ఏముందో కంపైలర్‌కు ఒకసారి చూపించి, అది ఒప్పందానికి సరిపోతుందని రుజువు చేసి, ఆ తర్వాత బయటివారికి ఒప్పందంలో రాసి ఉన్నంత మేరకే కనిపించేలా తలుపు వేసేస్తుంది. మీ ఖాతా సిగ్నేచర్‌లో టైప్ తూకం అని మాత్రమే ఉంది, దానికి ఎదురుగా ఏమీ లేదు. అంటే "తూకం అనే టైపు ఒకటి ఉంది, అది ఏదో చెప్పను" అని మీరే ప్రకటించారు. లోపల స.తూకం అని రాసిన సంగతి ఆ తలుపు వెనుకే ఉండిపోయింది. కంపైలర్ మీ మాటకు కట్టుబడి ఉంది, అంతే.

మీరు దాచదలచినది టి. ఖాతా లోపల లిస్టు ఉందా, రేపు దానికి బదులు చెట్టు పెడతారా అన్నది వాడుకొనేవారికి అనవసరం. మీరు దాచకూడనిది తూకం. ఎందుకంటే అది బయటి నుంచి లోపలికి వచ్చే సరుకు. దారి మూసేస్తే ఖాతాలోకి ఎవరూ ఏమీ వేయలేరు, ఇప్పుడు మీకు జరుగుతున్నది అదే. కాబట్టి సీలు వేసేటప్పుడే ఒక్క టైపును మాత్రం తెరిచి పెట్టాలి:

మాడ్యూల్ ఖాతా_తయారీ (స : సరుకు) : ఖాతా విత్ టైప్ తూకం = స.తూకం = స్ట్రక్ట్ ... ఎండ్

మిగతా కోడ్ అలాగే ఉంచండి. మీ 41_200 జమ అవుతుంది.

ఇక సిగ్నేచర్‌కు పారామీటర్ సంగతి. మీరు ఖాతాలో రాసిన టైప్ తూకం అనే ఖాళీ వరుసే పారామీటర్. విత్ టైప్ అనడమే దానికి విలువ ఇవ్వడం. ఫంక్షన్‌కు పారామీటర్ తలకట్టులో ఉంటుంది, ఇవ్వకుండా ముందుకు కదలలేము. సిగ్నేచర్‌కు అది పొట్టలో ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇవ్వవచ్చు, అసలు ఇవ్వకుండా కూడా వాడుకోవచ్చు. ఆ చివరి సౌకర్యం చిన్నది కాదు. "ఏ సరుకుదైనా సరే, ఒక ఖాతా" అని ఒక ఫంక్టర్ అడగాలంటే ఉత్త ఖాతా అంటే చాలు. సిగ్నేచర్‌కు తప్పనిసరి పారామీటర్ ఉండి ఉంటే ప్రతిసారీ ముందు సరుకు పేరు చెప్పవలసి వచ్చేది.

ఇది ఓకామెల్ సొంతంగా కనిపెట్టిన ఆచారమేమీ కాదు. 1984లో ఓకామెల్‌కు బంధువైన స్టాండర్డ్ ఎంఎల్ భాష కోసం డేవిడ్ మెక్‌క్వీన్ మాడ్యూళ్లను ప్రతిపాదించినప్పటి నుంచీ దారి ఇదే: టైపులు సిగ్నేచర్ లోపలే పుడతాయి, ఏది దేనితో సమానమో విడిగా చెప్పాలి. అక్కడ దానికి షేరింగ్ అని పేరు. 1997 నాటి సవరణలో వేర్ టైప్ వచ్చి చేరింది, అది మన విత్ టైప్‌కు దగ్గరి చుట్టం. సిగ్నేచర్‌లోనే "ఈ టైపు ఫలానాదానితో సమానం" అని రాసుకొనే పద్ధతికి సిద్ధాంతపరమైన పునాది 1994లో పడింది. ఒకే సదస్సులో జేవియర్ లెరాయ్ ఒక దారిలో, హార్పర్, లిలిబ్రిడ్జ్ మరొక దారిలో దాదాపు ఒకే చోటికి చేరుకున్నారు.

మీకు చేరువలోనే ఉదాహరణ కావాలంటే స్టాండర్డ్ లైబ్రరీలోని మ్యాప్.మేక్ తలకట్టు చూడండి. ఎస్ విత్ టైప్ కీ = ఆర్డ్.టి అని ఉంటుంది. ఆ ఒక్క ముక్క లేకపోతే మ్యాప్‌లోకి ఎవరూ ఏ కీనీ పెట్టలేరు.

రెండు మాడ్యూళ్లు ఒకే సరుకువని చెప్పడానికి కూడా ఇదే మంత్రం. తక్‌పట్టీ కట్టే ఫంక్టర్ ఇలా ఉండవచ్చు:

మాడ్యూల్ తక్‌పట్టీ (స : సరుకు) (ఖ : ఖాతా విత్ టైప్ తూకం = స.తూకం) = స్ట్రక్ట్
  లెట్ విలువ ~ధర ఖా = స.విలువ ~ధర (ఖ.మొత్తం ఖా)
ఎండ్

ఇందులో ఆ విత్ ముక్కను తీసివేసి కంపైల్ చేసి చూడండి. ఖ.మొత్తం ఇచ్చిన తూకాన్ని స.విలువ తీసుకోదు.


తక్‌పట్టీ:

కాజీపేట జంక్షన్ గారూ, ధన్యవాదాలు. తలుపు ఎక్కడ పడుతోందో ఇప్పుడు అర్థమైంది. జమ పనిచేస్తోంది. అయితే నెట్‌లో ఒకచోట సమానం గుర్తుకు ముందు కోలన్ పెట్టి, విత్ టైప్ తూకం := స.తూకం అని రాయడం చూశాను. సిగ్నేచర్ చిన్నదై, చూడడానికి నేను కోరుకున్న పారామీటర్ లాగానే ఉందని ఖాతా_తయారీలో దాన్నే పెట్టాను. మిర్చి_ఖాతా చక్కగా తయారైంది. తీరా తక్‌పట్టీ ఫంక్టర్‌కు దాన్ని ఇవ్వబోతే, తూకం అనే టైపు కావాలి, మీరు ఇచ్చినదాంట్లో లేదు అంటోంది. ఒక్క కోలన్‌తో ఉన్న టైపు ఎక్కడికి పోయింది?


జవాబు: పాకాల కట్ట

అది ఎక్కడికీ పోలేదు, మీరే కొట్టేశారు. = అంటే "ఈ టైపు ఇక్కడే ఉంటుంది, ఫలానాదానితో సమానం" అని. := అంటే "ఈ పేరును సిగ్నేచర్‌లోంచి తుడిచేసి, అది కనిపించిన ప్రతిచోటా కుడివైపు ఉన్నదాన్ని రాయి" అని. ఈ రెండోది ఓకామెల్ 3.12తో, 2010లో వచ్చింది. మీ సిగ్నేచర్‌కు := వేస్తే మిగిలేది టి, ఖాళీ, జమ, మొత్తం మాత్రమే. జమ టైపు స.తూకం -> టి -> టి అవుతుంది. తూకం అనే వరుసే ఉండదు. అలా తయారైన మాడ్యూల్‌ను "తూకం ఉన్న ఖాతా కావాలి" అనే ఫంక్టర్ దగ్గరకు తీసుకువెళితే అది వెనక్కి పంపడం న్యాయమే.

నేను పాటించే లెక్క ఒకటుంది. ఫంక్టర్ ఇచ్చే వైపు = వాడండి, తీసుకొనే వైపు := వాడినా నష్టం లేదు. ఇచ్చేటప్పుడు టైపు పేరును కూడా ఇస్తే తీసుకొనేవారికి ఎక్కువ సౌకర్యం. తీసుకొనేటప్పుడు (ఖ : ఖాతా విత్ టైప్ తూకం := స.తూకం) అని అడిగితే, తూకం పేరు ఉన్న మాడ్యూల్ అయినా, లేని మాడ్యూల్ అయినా సరిపోతుంది. అదనంగా ఉన్న వరుసలను కంపైలర్ పట్టించుకోదు, తక్కువైతేనే పేచీ. కాబట్టి మీ ఖాతా_తయారీలో కోలన్ తీసేయండి. లేదా తక్‌పట్టీ ఫంక్టర్‌లో కోలన్ చేర్చండి. రెంటిలో మొదటిది మేలు.

:= అసలు అక్కరకు వచ్చేది ఇంక్లూడ్ దగ్గర, అంటే ఒక సిగ్నేచర్‌ను మరొకదానిలో చేర్చేటప్పుడు. పోల్చదగిన వస్తువుకు ఒక సిగ్నేచర్, అచ్చు వేయదగిన వస్తువుకు ఒక సిగ్నేచర్ ఉండి, రెంటిలోనూ టైప్ టి ఉందనుకోండి. రెంటినీ ఒకే సిగ్నేచర్‌లో ఇంక్లూడ్ చేస్తే టి రెండుసార్లు ప్రకటించినట్టై ఎర్రర్ వస్తుంది. రెండోదాన్ని విత్ టైప్ టి := టి అని ఇంక్లూడ్ చేస్తే ఆ చిక్కు విడిపోతుంది.

మీరు మొదట అడిగినదానికి, అంటే సిగ్నేచర్ తలకట్టులోనే పారామీటర్ కావాలన్నదానికి, కాజీపేట గారు చెప్పని దారి ఒకటుంది. సిగ్నేచర్ నేరుగా పారామీటర్ తీసుకోదు, కాని ఫంక్టర్ తీసుకుంటుంది, ఫంక్టర్ పొట్టలో సిగ్నేచర్‌ను పెట్టవచ్చు:

మాడ్యూల్ ఖాతా_నమూనా (స : సరుకు) = స్ట్రక్ట్
  మాడ్యూల్ టైప్ ఎస్ = సిగ్
    టైప్ టి
    వాల్ ఖాళీ : టి
    వాల్ జమ : స.తూకం -> టి -> టి
    వాల్ మొత్తం : టి -> స.తూకం
  ఎండ్
ఎండ్

మాడ్యూల్ ఖాతా_తయారీ (స : సరుకు) : ఖాతా_నమూనా(స).ఎస్ = స్ట్రక్ట్ ... ఎండ్

ఇది చట్టబద్ధమైన ఓకామెలే. ఖాతా_నమూనా(మిర్చి).ఎస్ అని సిగ్నేచర్ కావలసిన ఏ చోటైనా రాయవచ్చు. కుండలీకరణంలో మాత్రం పేరున్న మాడ్యూలే ఉండాలి. అక్కడికక్కడ స్ట్రక్ట్ ... ఎండ్ అని రాసి ఇస్తానంటే ఒప్పుకోదు. సరుకులో ఒక్క తూకం కాక ధర, గ్రేడు, తేమ, సంచి అంటూ ఐదారు టైపులు ఉన్నప్పుడు, ప్రతిచోటా విత్ టైప్ ఇది, అండ్ టైప్ అది అని తోక పెంచుకుంటూ పోవడం కన్నా ఈ పద్ధతి శుభ్రంగా ఉంటుంది. మీకు ఉన్నది ఒక్క టైపు. దానికోసం ఇంత అట్టహాసం అక్కర్లేదని నా అభిప్రాయం. పైగా కాజీపేట గారు మెచ్చుకున్న సౌకర్యం, సరుకు పేరెత్తకుండా "ఏదో ఒక ఖాతా" అనగలగడం, ఇందులో పోతుంది.


జవాబు: మానేరు

పై ఇద్దరూ చెప్పినదాంట్లో తప్పు లేదు. కాని అడిగిన మనిషి ఎందుకు అడిగారో ఇద్దరూ మరిచిపోయినట్టున్నారు. తక్‌పట్టీ గారికి కావలసింది కంపైల్ కావడం కాదు. మిర్చి ఖాతాలో మక్కలు వేస్తే కంపైల్ కాకుండా ఉండడం. ఇప్పుడు పరిస్థితి ఏమిటో ఒకసారి చూద్దాం.

మిర్చి మాడ్యూల్‌కు ఎక్కడా సీలు లేదు. అందులో టైప్ తూకం = ఇంట్ అని లోకానికంతా కనిపిస్తోంది. మక్కలకూ ఇలాగే రాసి ఉంటారు. ఖాతా_తయారీకి విత్ టైప్ తూకం = స.తూకం తగిలించగానే మిర్చి_ఖాతా.తూకం మిర్చి.తూకంతో సమానం, అది ఇంట్‌తో సమానం, అది మక్కలు.తూకంతో సమానం. గొలుసు పూర్తయింది. మిర్చి_ఖాతా.జమ కు మక్కల తూకం ఇవ్వండి, పోయిన సీజన్‌లో లాగానే ప్రోగ్రాం నోరెత్తదు. మీరు ఎర్రర్ అనుకొని బాధపడిన మొదటి కోడ్‌లోనే మక్కలు మిర్చిలో కలిసే అవకాశం లేదు. అయితే అందులో మిర్చి కూడా మిర్చిలో కలవలేదు, అది వేరే విషయం.

విత్ టైప్ తప్పు కాదు. అది "ఈ రెండూ ఒకటే" అని మాత్రమే చెబుతుంది, "అది ఇంట్" అని చెప్పదు. ఇంట్ అని చెప్పినది మీ మిర్చి మాడ్యూల్. సీలు వేయవలసింది అక్కడ. అయితే మిర్చికి ఒకసారి, మక్కలకు ఒకసారి అదే కోడ్ రాసి, విడివిడిగా సీలు వేయడం దేనికి? గ్రాముల్లో తూగే సరుకులన్నిటికీ ఒకే ఫంక్టర్ పెట్టుకోండి:

మాడ్యూల్ గ్రాముల_సరుకు () : సిగ్
  ఇంక్లూడ్ సరుకు
  వాల్ గ్రాములు : ఇంట్ -> తూకం
ఎండ్ = స్ట్రక్ట్
  టైప్ తూకం = ఇంట్
  లెట్ సున్నా = 0
  లెట్ కలుపు = ( + )
  లెట్ విలువ ~ధర తూ = ధర * తూ / 100_000
  లెట్ గ్రాములు గ్రా = గ్రా
ఎండ్

మాడ్యూల్ మిర్చి = గ్రాముల_సరుకు ()
మాడ్యూల్ మక్కలు = గ్రాముల_సరుకు ()

తలకట్టులోని ఆ ఖాళీ కుండలీకరణాలు అలంకారం కాదు. ఓకామెల్‌లో మామూలు ఫంక్టర్‌కు ఒకే పేరున్న మాడ్యూల్‌ను రెండుసార్లు ఇస్తే, రెండుసార్లూ వచ్చేవి ఒకే టైపులు. ఒక ఫైల్‌లో సెట్.మేక్ (స్ట్రింగ్) అని, మరొక ఫైల్‌లో మళ్లీ సెట్.మేక్ (స్ట్రింగ్) అని రాసినా ఆ రెండు సెట్లనూ కలపగలగడం అందువల్లే. లెరాయ్ 1995లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. స్టాండర్డ్ ఎంఎల్‌లో దీనికి విరుద్ధం, ఫంక్టర్‌ను పిలిచిన ప్రతిసారీ కొత్త టైపు పుడుతుంది. 2014లో వచ్చిన ఓకామెల్ 4.02 నుంచి, కావాలనుకున్న చోట ఆ రెండో తీరును ఈ ఖాళీ కుండలీకరణాలతో అడిగి తీసుకోవచ్చు. మీకు ఇక్కడ కావలసింది అదే: లోపల కోడ్ ఒకటే, బయట టైపులు వేరు. ఇదే ఫంక్టర్‌ను (ఏ : సిగ్ ఎండ్) అని పారామీటర్ పెట్టి రాసి, రెండుసార్లూ ఒకే పేరున్న ఖాళీ మాడ్యూల్‌ను ఇచ్చారంటే, ఇంత సీలు వేసినా మిర్చి, మక్కలు మళ్లీ ఒకటే అవుతాయి. ఎర్రర్ రాదు కాబట్టి మీకు తెలియను కూడా తెలియదు.

ఒక హెచ్చరిక కూడా. మిర్చి.గ్రాములు అనే ద్వారం దగ్గర ఇచ్చేది మళ్లీ ఉత్త ఇంటే. చీటీ చదివే చోట మక్కల అంకెను మిర్చి.గ్రాములు చేతిలో పెడితే ఏ టైపూ మిమ్మల్ని కాపాడదు. ఆ ద్వారాన్ని ప్రోగ్రాం మొత్తంలో ఒక్కచోట, చీటీ మీద సరుకు పేరు చదివే ఫంక్షన్‌లోనే వాడండి. ఆ తర్వాత అంకె ఎంత దూరం ప్రయాణించినా దాని కులగోత్రాలు మారవు.

నిజానికి రెండు సరుకులకే అయితే ఫంక్టర్లు అవసరమా అని అడుగుదామనుకున్నాను. గతంలో నేనొకసారి ఫంక్టర్ మీద ఫంక్టర్ ఆరు అంతస్తులు కట్టి, ఒక ఎర్రర్ మెసేజ్ చదవడానికి స్క్రీన్ రెండుసార్లు కిందికి జరపవలసి వచ్చి, చివరికి నాలుగు అంతస్తులు నేనే కూల్చేసుకున్నాను. కాని మీ దుకాణంలో పసుపు, పెసలు, పత్తి కూడా వస్తాయి కాబట్టి ఊరుకుంటున్నాను.


కాజీపేట జంక్షన్:

మానేరు గారు పట్టుకున్నది నిజం. నేను ఎర్రర్‌ను పోగొట్టాను, దానితోపాటు కాపలానూ పోగొట్టాను. మిర్చికి సీలు లేదన్న సంగతి నా కళ్ల ముందే ఉన్నా గమనించలేదు.


తక్‌పట్టీ:

గ్రాముల_సరుకు రాశాను, వివరం చివర చెబుతాను. మధ్యలో ఒక ఆశ పుట్టింది. చీటీలన్నిటికీ ముందు ఒక నమోదు పొర పెట్టి, ఏ మాడ్యూల్ వచ్చినా దాన్ని అలాగే కిందికి పంపే ఫంక్టర్ రాయాలంటే, సిగ్నేచర్‌నే ఆర్గుమెంట్‌గా ఇవ్వవచ్చునా?


జవాబు: కాజీపేట జంక్షన్

ఇవ్వవచ్చు. సిగ్నేచర్ లోపల మాడ్యూల్ టైప్ ఎస్ అని, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేస్తే అది అరూపమైన సిగ్నేచర్ అవుతుంది. (ప : సిగ్ మాడ్యూల్ టైప్ ఎస్ ఎండ్) (మ : ప.ఎస్) అని ఫంక్టర్ రాసుకోవచ్చు. కాని లోపలికి వచ్చాక మ తో మీరు చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు. హమాలీ వీపు మీది కుట్టిన బస్తా లాంటిది అది. మోయవచ్చు, దించవచ్చు, మరొకరి వీపు మీదికి ఎత్తవచ్చు. లోపలున్నది తేజ రకమో చపాటా రకమో అతడు చెప్పలేడు. మీ నమోదు పొరకు తూకం చదవడం కావాలి, అంటే బస్తా విప్పాలి, అంటే ఇది మీకు పనికిరాదు. మీకు సరుకు అనే తెలిసిన సిగ్నేచరే చాలు.

అరూప సిగ్నేచర్లు తోడైనప్పుడు ఒక సిగ్నేచర్ మరొకదానికి సరిపోతుందా అన్న ప్రశ్నకు ప్రతిసారీ ముగిసే పద్ధతి ఏదీ లేదన్నది రుజువైన విషయం. కావాలని వక్రంగా రాస్తే కంపైలర్ జవాబు చెప్పకుండా తిరుగుతూనే ఉంటుంది. మామూలు కోడ్‌లో అది ఎదురుపడదు గాని, అవసరం లేని చోట ఆ వీధిలోకి పోవద్దనే నా సలహా.


తక్‌పట్టీ:

సరే, ఆ ఆశ వదులుకున్నాను. ఇప్పుడున్న స్థితి ఇది. గ్రాముల_సరుకుకు ఖాళీ కుండలీకరణాలు, ఖాతా_తయారీకి కోలన్ లేని విత్ టైప్, తక్‌పట్టీ ఫంక్టర్‌కు కోలన్ ఉన్న విత్ టైప్. మూడు మిర్చి బస్తాలు, 41,200, 39,800, 42,500 గ్రాములు జమ చేశాను. మొత్తం 1 క్వింటాలు 23 కిలోల 500 గ్రాములు. లెక్క చూసుకోవడానికి క్వింటాలు 14,000 రూపాయలు అనుకుంటే 17,29,000 పైసలు, అంటే 17,290 రూపాయలు వచ్చింది. మామయ్య కాగితం మీద వేసిన లెక్కతో పైసా తేడా లేదు.

తర్వాత పోయిన సీజన్‌లో నన్ను ముంచిన ఆ లైనునే మళ్లీ రాశాను: మిర్చి_ఖాతా.జమ (మక్కలు.గ్రాములు 50_000) మిర్చి_ఖాతా.ఖాళీ. ఇచ్చింది మక్కలు.తూకం, కావలసింది మిర్చి.తూకం అని కంపైలర్ ఆపేసింది. ఆ తర్వాత మానేరు గారు చెప్పినట్టే, కుండలీకరణాలకు బదులు పేరున్న ఖాళీ మాడ్యూల్ పెట్టి కూడా చూశాను. అదే లైను చప్పుడు లేకుండా కంపైల్ అయింది. చూస్తే భయం వేసింది, వెంటనే తిప్పి రాశాను.

నిన్న పత్తిని కూడా చేర్చాను. బస్తాల్లో కాకుండా విడిగా వచ్చే పత్తిని వాహనంతో సహా వేబ్రిడ్జి మీద తూచి, దించాక ఖాళీ వాహనాన్ని మళ్లీ తూస్తారు కాబట్టి, దానికి గ్రాములు అనే ద్వారం సరిపోదు. నిండు తూకం, ఖాళీ తూకం రెండూ తీసుకొని, ఖాళీది ఎక్కువైతే తిరస్కరించే వేరే ద్వారం కావాలి. పత్తికి విడిగా ఒక మాడ్యూల్ రాసి, సరుకు సిగ్నేచర్‌తో పాటు ఆ ఒక్క ద్వారాన్నే బయటపెట్టి సీలు వేశాను. ఖాతా_తయారీలో గాని, తక్‌పట్టీ ఫంక్టర్‌లో గాని ఒక్క అక్షరం కూడా మార్చవలసిన పని పడలేదు.